నిలకడ నేర్చుకునే గుండె

ఆఖరి నెలసరి నుంచి లెక్కపెడితే, ఆరో వారం స్కానింగ్‌లో దంపతులు డాక్టరు నోట వినాలనుకునే మాట ఒక్కటే: "హార్ట్‌బీట్ వచ్చింది." ఫలదీకరణ దగ్గర్నుంచి చూస్తే సుమారు 22వ రోజున మనిషి పిండంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అప్పటికి అక్కడున్నది ఒక సన్నటి గొట్టం, అంతే. నాలుగు గదులు లేవు, కవాటాలు లేవు, నరాలు ఇంకా వచ్చి చేరలేదు, మెదడు నుంచి ఏ ఆజ్ఞా అందదు. అయినా కొట్టుకుంటుంది. మొదట్లో నిమిషానికి 110 సార్ల దాకా కొట్టుకుంటూ, తొమ్మిదో వారానికి 170 దాకా పెరిగి, ఆ తర్వాత మెల్లగా 150 ప్రాంతానికి దిగుతుంది.

ఈ గుండె కొట్టుకోవడం ఎలా నేర్చుకుందన్న ప్రశ్న ఎవరికైనా తోస్తుంది. పిండం గుండెలో గాజు సూదులు గుచ్చి విద్యుత్తు కొలిచినవాళ్లకు మాత్రం ప్రశ్న తిరగబడి ఎదురైంది. లేత గుండె కణానికి కొట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. వదిలేస్తే తనంతట తానే కొట్టుకుంటుంది. దానికి రావాల్సింది నిలకడ. పక్క కణం నుంచి కబురు వచ్చేదాకా ఊరుకోవాలి, రాగానే ఒక్కసారి ముడుచుకోవాలి, సరైన వేళకు మళ్లీ విశ్రాంతిలోకి వెళ్లాలి. ఇవి దానికి అబ్బడం చాలావరకు పొటాషియం చానళ్ల చేతుల్లో ఉంది. పిండ దశలో మొదలై, బిడ్డ పుట్టాక కొన్నాళ్ల దాకా ఈ చానళ్ల సంఖ్యా మారుతుంది, రకాలూ మారతాయి. కొన్ని మందులు పెద్దల కన్నా పసివాళ్లకు ఎందుకు ఎక్కువ ప్రమాదమో, చుంచెలుక మీద చేసిన పరీక్ష మనిషికి ఎందుకు అచ్చంగా వర్తించదో, ల్యాబులో పెంచిన కణాలతో గుండెకు అతుకు వేయబోతే ఎందుకు లయ తప్పిందో, ఇవన్నీ ఆ మార్పులోంచే అర్థమవుతాయి. అందుకే కాస్త ఓపిగ్గా మొదటి నుంచి చూద్దాం.

ముందు పొటాషియం సంగతి. కిడ్నీ జబ్బున్నవాళ్లను కొబ్బరినీళ్లు, అరటిపళ్లు తగ్గించమని డాక్టర్లు చెబుతారు. రక్తంలో పొటాషియం లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. ఓపెన్ హార్ట్ ఆపరేషన్లలో సర్జన్లు ఈ గుణాన్నే వాడుకుంటారు. పొటాషియం ఎక్కువగా కలిపిన ద్రావణాన్ని గుండె రక్తనాళాల్లోకి పంపి, పని పూర్తయ్యేదాకా గుండెను ఆపి ఉంచుతారు. బయట ఇంత జాగ్రత్తగా కొలతలో ఉండే పొటాషియం, కణం లోపల మాత్రం 140 మిల్లీమోల్స్ దాకా ఉంటుంది. అంటే బయటి కన్నా దాదాపు ముప్పై రెట్లు. కణపొరలోని పంపులు రాత్రింబవళ్లు పనిచేసి ఈ తేడాను నిలబెడతాయి.

చానల్ అంటే కణపొరకు అడ్డంగా కూర్చున్న ప్రొటీన్. దాని నడుమ ఒక సన్నటి దారి ఉంటుంది. పొటాషియం చానల్ పొటాషియాన్ని సెకనుకు కోట్ల సంఖ్యలో వదులుతుంది. అంతకన్నా చిన్నదైన సోడియం అయాన్‌ను మాత్రం దాదాపు రానివ్వదు. చిన్నదాన్ని ఆపి పెద్దదాన్ని వదిలే ఈ విచిత్రం ఎలా సాధ్యమో రాడరిక్ మెకిన్నన్ 1998లో ఒక బాక్టీరియా చానల్ నిర్మాణాన్ని అణువు అణువునా చూపించి తేల్చారు. దానికి 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ చానళ్లు తెరిచి ఉంటే లోపలి పొటాషియం బయటికి జారుతుంది. జారే ప్రతి అయాన్ తనతో ఒక ధనావేశాన్ని పట్టుకుపోతుంది కాబట్టి లోపల ఋణావేశం మిగులుతుంది. ఆ ఋణావేశమే మిగతా పొటాషియాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ సరితూగిన చోట కణం స్థిరపడుతుంది. పెద్దవాళ్ల జఠరిక కణంలో అది మైనస్ 85, మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. అంత లోతున ఉన్న కణాన్ని చిన్నాచితకా అలజడి కదపలేదు. పక్క కణం నుంచి గట్టి సంకేతం అందితేనే అది లేస్తుంది.

లేత గుండెలో ఈ లోతు లేదు. దీన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపింది కోడిగుడ్డు. పొదగడం మొదలైన ఒకటిన్నర రోజుకే కోడి పిండంలో గుండె కదలిక మొదలవుతుంది. మూడో రోజున పెంకుకు చిన్న కంత చేసి చూస్తే, పచ్చసొన మీద పరుచుకున్న సన్నటి రక్తనాళాల నడుమ ఒక ఎర్రటి చుక్క ఎగిరెగిరి పడుతూ కనిపిస్తుంది. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట అరిస్టాటిల్ చూసి రాసిపెట్టింది ఈ చుక్క గురించే. 1972లో నికొలాస్ స్పెరెలాకిస్, కోకి షిగెనోబు దాన్ని కొలిచారు. గాజు గొట్టాన్ని వేడిచేసి లాగి, మొన మైక్రాన్ కన్నా సన్నగా వచ్చేలా చేసి, అందులో ఉప్పు ద్రావణం నింపి, ఆ మొనను కొట్టుకుంటున్న కణంలోకి దింపడం ఆ రోజుల్లోని పద్ధతి. కణం చచ్చిపోకూడదు, సూది జారిపోకూడదు, గుండె మాత్రం ఆగకుండా కదులుతూనే ఉంటుంది. ఆ ఓపికకు నమస్కారం పెట్టాలి.

వాళ్లకు దొరికిన లెక్క ఇది. రెండో రోజు గుండెలో కణం విశ్రాంతి వోల్టేజి మైనస్ 40 దగ్గర ఉంది. రోజులు గడిచేకొద్దీ అది లోతుకు దిగుతూ, పన్నెండో రోజుకల్లా మైనస్ 80 దగ్గరికి చేరింది. లేత కణంలో పొటాషియమే తక్కువేమో అనుకోవడానికి లేదు. లోపల నిల్వ అప్పటికే దండిగా ఉంది. కొరవడింది అది బయటికి వెళ్లే దారి. చెరువు నిండుగా ఉంది, తూములే ఇంకా కట్టలేదు. పిండం పెరిగేకొద్దీ తూములు ఒక్కొక్కటే లేచాయి, వాటితో పాటు కణం వోల్టేజి లోతుకు దిగింది.

వాళ్ల ప్రయోగాల్లో మరో ముచ్చట ఉంది. పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ అనే విషం సోడియం చానళ్లను మూసేస్తుంది. ఎదిగిన గుండె కండరం మీద దాన్ని వేస్తే విద్యుత్ సంకేతం లేవడమే మానేస్తుంది. మూడు నాలుగు రోజుల కోడి పిండం గుండె మీద వేస్తే దానికి పట్టనే పట్టదు, మామూలుగా కొట్టుకుంటూనే ఉంటుంది. ఆ వయసు గుండె వేగంగా తెరుచుకునే సోడియం చానళ్ల మీద ఆధారపడలేదు. నెమ్మదిగా నడిచే వేరే దారుల మీద బతుకుతోంది. ఎనిమిదో రోజుకల్లా పరిస్థితి మారిపోయి, అదే విషానికి గుండె ఆగిపోతుంది. నిజానికి ఈ రెండు మార్పులూ ఒకదానికొకటి తోడు. వేగవంతమైన సోడియం చానల్ సిద్ధంగా ఉండాలంటే కణం బాగా ఋణంగా ఉండాలి. మైనస్ 40 దగ్గర అది మొద్దుబారిపోతుంది. పొటాషియం చానళ్లు వచ్చి లోతు ఏర్పరిస్తేనే సోడియం చానల్ పూర్తి సత్తా చూపగలదు. ఊరుకోవడం చేతనైన కణానికే చురుగ్గా లేవడమూ చేతనవుతుంది.

మైనస్ 40, మైనస్ 50 దగ్గర వేలాడే కణం ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. చిన్న అలజడి చాలు. అందుకే తొలి గుండెలో కొట్టుకునే సామర్థ్యం ఏ ఒక్క చోటో దాక్కుని ఉండదు. 1981లో జపాన్‌లో కమినో బృందం వోల్టేజికి తగ్గట్టు రంగు తీవ్రత మార్చే అద్దకాలు వాడి, కోడి పిండంలో గుండె కదలడానికి ముందే అక్కడ విద్యుత్ తరంగాలు లేస్తున్నాయని చూపించింది. 2023లో హార్వర్డ్ పరిశోధకులు జీబ్రా చేప పిండంలో తొట్టతొలి గుండె చప్పుడును పట్టుకున్నారు. అప్పటిదాకా ఏమీ లేదు, ఉన్నట్టుండి కణాలన్నీ కలిసి కొట్టుకోవడం మొదలైంది. ఆ మొదటి తరంగం ఏ చోట పుట్టిందన్నది ఒక్కో చేపలో ఒక్కోలా ఉంది. నాయకత్వం వహించగల కణాలు చాలానే ఉన్నాయన్నమాట.

ఎదిగిన గుండెలో ఇలా కుదరదు. సైనస్ నోడ్ అనే చిన్న కణాల గుంపు ఒక్కటే తాళం వేయాలి, మిగతా వందల కోట్ల కణాలు దాన్ని అనుసరించాలి. అలా అనుసరించేలా చేసే చానల్ ఏదన్న ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో మొదట చెప్పుకోవాల్సింది కిర్ 2.1 అనే ప్రొటీన్‌తో తయారయ్యే చానల్. దీనికి దగ్గరి తోబుట్టువులు ఒకటి రెండున్నాయి, వాటినీ కలిపే మాట్లాడుకుందాం.

ఈ రకం చానల్ నడత మొదట చూసినవాళ్లకు తలకిందులుగా తోచింది. 1949లో బెర్నార్డ్ కాట్జ్ కప్ప కండరంలో దాన్ని గమనించారు. కణం బాగా ఋణంగా ఉన్నప్పుడు చానల్ చక్కగా తెరిచి ఉంటుంది. కణం ధనం వైపు లేవగానే, అంటే పొటాషియం బయటికి ఉరకడానికి సిద్ధమైన సరిగ్గా ఆ వేళకు, మూసుకుపోతుంది. ఎందుకలా అన్నది తేలడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. కణం లోపలుండే మెగ్నీషియం అయాన్లు, స్పెర్మిన్ లాంటి పాలీఅమైన్లు పొటాషియంతో పాటు బయటికి పోబోయి చానల్ దారిలో ఇరుక్కుంటాయి. మెగ్నీషియం సంగతి 1987లో, పాలీఅమైన్ల సంగతి 1994లో బయటపడ్డాయి.

గుండెకు ఈ ఏర్పాటు ఎంత అనువైనదో చూడండి. మనిషి జఠరిక కణంలో ఒక్కో స్పందన మూడు వందల మిల్లీసెకన్ల దాకా సాగుతుంది. అంతసేపూ కిర్ చానళ్లు మూసుకుని ఉండడం వల్ల పొటాషియం వృథాగా పోదు, స్పందన మధ్యలో తెగిపోదు. స్పందన ముగింపుకు వచ్చి వోల్టేజి దిగడం మొదలుపెట్టగానే ఇరుక్కున్నవి వదిలిపోయి చానళ్లు తెరుచుకుంటాయి, కణాన్ని మళ్లీ మైనస్ 85కి లాగి అక్కడ పట్టి ఉంచుతాయి. పని వేళ అడ్డు రాకుండా తప్పుకుని, విశ్రాంతి వేళ గట్టిగా పట్టుకునే గుణం ఈ ఒక్క ప్రొటీన్‌లోనే అమరింది.

ఇది లేకపోతే ఏమవుతుంది? 2000–2001లో ఈ జన్యువు లేకుండా పుట్టించిన చుంచెలుక పిల్లలు అంగిలి చీలికతో పుట్టి, కొన్ని గంటల్లోనే చనిపోయాయి. వాటి గుండె కణాలను విడదీసి చూస్తే ఎవరూ ప్రేరేపించకుండానే తరచుగా కొట్టుకుంటున్నాయి. 2002లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ఎడ్వర్డో మార్బన్ బృందం ఇంకో అడుగు వేసింది. పెద్ద గినీపిగ్ గుండెలోకి వైరస్ ద్వారా ఒక చెడిన కిర్ 2.1 జన్యువును పంపి, అసలు చానళ్లను పనిచేయనివ్వకుండా చేశారు. ఆ ప్రవాహం బాగా తగ్గిన జఠరిక కణాలు సైనస్ నోడ్ కణాల మాదిరే తమంతట తాము కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ఎదిగిన కణం తన చిన్ననాటి విద్యను మరిచిపోలేదు. ఒక చానల్ దాన్ని అణిచి ఉంచుతోంది, అంతే. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా కళ్లు తెరిపించిన ప్రయోగం ఇదే. సైనస్ నోడ్ కణాల్లో ఈ కిర్ ప్రవాహం దాదాపు ఉండదు. మిగతా గుండె ఎదిగిపోయినా ఆ కణాలు ఈ విషయంలో లేతగానే మిగిలిపోయాయి. మనం బతికున్నంతకాలం మన గుండెను నడిపేది ఆ లేతదనమే.

ఇక రెండో విద్య, వేళకు ముగించడం. ఈసీజీ రిపోర్టులో క్యూటీ అనే కొలత ఉంటుంది. జఠరికలు విద్యుత్తుతో లేచిన క్షణం నుంచి పూర్తిగా విశ్రాంతికి వచ్చేదాకా పట్టే సమయం అది. ఈ దిగే పనిని మనిషిలో ప్రధానంగా రెండు పొటాషియం చానళ్లు చూస్తాయి. ఒకటి హెర్గ్. రెండోది కేసీఎన్‌క్యూ1, ఇది నెమ్మదిగా తెరుచుకుంటుంది. పరుగెత్తినప్పుడో భయపడ్డప్పుడో అడ్రినలిన్ అందితే ఇది బలం పుంజుకుని స్పందనను త్వరగా ముగిస్తుంది, వేగంగా కొట్టుకునే గుండెకు మధ్యలో రక్తం నింపుకునే వ్యవధి దొరుకుతుంది. ఈ రెండిట్లో ఏది చెడినా క్యూటీ పొడవై, కొందరిలో ప్రాణాంతకమైన లయ తప్పడం రావచ్చు.

ఇక్కడ వయసు, జాతి రెండూ అడ్డం పడతాయి. 1996లో కెనడాలోని కాల్గరీ పరిశోధకులు చుంచెలుక గుండెను మూడు వయసుల్లో పరీక్షించారు. తల్లి కడుపులో ఉండగా 18వ రోజున హెర్గ్ రకం ప్రవాహమే పనంతా చేస్తోంది. పుట్టిన తొలి రోజున దానికి నెమ్మది రకం తోడైంది. పెద్దదయ్యాక చూస్తే రెండూ లేవు. హెర్గ్‌ను మూసే డోఫెటిలైడ్ అనే మందు పిండం గుండెలో స్పందనను సాగదీసింది, పెద్ద చుంచెలుక గుండెకు చీమ కుట్టినట్టయినా లేదు. పెద్ద చుంచెలుక గుండె నిమిషానికి 500, 600 సార్లు కొట్టుకోవాలి. తాపీగా దిగే చానళ్లతో ఆ వేగం అందదు కాబట్టి అది చకచకా తెరుచుకునే వేరే పొటాషియం చానళ్లకు మారిపోతుంది. ఎలుకల్లో ఈ వేగవంతమైన రకం పుట్టిన రెండు మూడు వారాల్లో జోరుగా పెరుగుతుంది. అందులోనూ పిండ దశ రూపం తగ్గి ఎదిగిన రూపం రావడానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి. మనిషికీ ఈ రకం చానళ్లున్నాయి, ముఖ్యంగా కర్ణికల్లో. చిన్నపిల్లల కర్ణిక కండరంలో ఆ ప్రవాహం పెద్దల కన్నా తక్కువని 1985 నాటికే ఫ్రాన్స్‌లో చూశారు. కానీ మనిషి జఠరిక మాత్రం జీవితాంతం హెర్గ్ మీదే ఆధారపడుతుంది.

ఈ తేడా మందుల విషయంలో ఎక్కడికి దారితీసిందో స్వీడన్ పరిశోధకులు 1990ల నుంచి చేసిన పని చెబుతుంది. గర్భంతో ఉన్న ఎలుకలకు హెర్గ్‌ను మూసే మందులు ఇచ్చారు. తల్లి గుండెకు ఏమీ కాలేదు, ఎందుకంటే దానికి హెర్గ్ అవసరం పోయి చాలాకాలమైంది. కడుపులోని పిండాల గుండెలు మాత్రం నెమ్మదించాయి, లయ తప్పాయి, కొన్ని కాసేపు ఆగాయి. రక్తం, ఆక్సిజన్ సరిగా అందని ఆ కొద్ది గంటల వల్లే పిండాల్లో వేళ్ల కొసలు పెరగకపోవడం, అంగిలి చీలిక లాంటి లోపాలు వచ్చాయని వాళ్ల వాదన. మందు నేరుగా వేలినో అంగిలినో పాడుచేయలేదు, పిండం గుండె ద్వారా పాడుచేసింది. మూర్ఛ మందు ఫెనిటాయిన్ వల్ల గర్భంలో కలిగే లోపాలకు కూడా ఇదే వివరణ కొంతవరకు వర్తిస్తుందని వాళ్లు ప్రతిపాదించారు. ఇది చదివి గర్భిణులెవరూ సొంతంగా మూర్ఛ మందు ఆపకూడదు. ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. మందు మార్చాలా వద్దా అన్నది గర్భం దాల్చకముందే డాక్టరుతో మాట్లాడుకోవాల్సిన విషయం.

పుట్టిన బిడ్డల సంగతికి వస్తే సిసాప్రైడ్ కథ చెప్పుకోవాలి. పాలు కక్కే పసివాళ్లకు ఒకప్పుడు దీన్ని విరివిగా రాసేవారు. కడుపు కదలిక కోసం ఇచ్చిన ఈ మందు హెర్గ్ చానల్‌ను కూడా మూస్తుందని తేలింది. అమెరికాలో 2000లో మామూలు అమ్మకాలు ఆగిపోయాయి, మన దేశంలో 2011లో నిషేధించారు. కొత్త మందు ఏదైనా హెర్గ్‌ను మూస్తుందో లేదో ముందే పరీక్షించాలని 2005లో అంతర్జాతీయ మార్గదర్శకాలు వచ్చాయి. చాలా మంచి పని. అయితే ఆ పరీక్షలు ఎదిగిన గుండెను దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. పసిగుండెకు మిగతా చానళ్ల బలం అంతే ఉందో లేదో వాటిలో తేలదు.

పసివాళ్ల క్యూటీ నిజంగానే కుదురుగా ఉండదు. పుట్టాక రెండు నుంచి నాలుగు నెలల వయసులో అది కాస్త పొడవై, ఆరో నెలకు మళ్లీ దిగుతుంది. నిద్రలో కారణం తెలియకుండా పసిబిడ్డలు చనిపోయే ఘటనలు ఎక్కువగా జరిగేదీ ఆ నెలల్లోనే. ఇటలీలో పీటర్ ష్వార్ట్జ్ బృందం 34,442 మంది శిశువులకు మూడు, నాలుగు రోజుల వయసులో ఈసీజీ తీసి, ఏడాది పాటు గమనించి, 1998లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో 24 మంది అలా హఠాత్తుగా నిద్రలో చనిపోయారు. ఆ 24 మందిలో 12 మందికి తొలి వారం ఈసీజీలోనే క్యూటీ 440 మిల్లీసెకన్లు దాటి ఉంది. ఈ ఫలితం మీద పెద్ద చర్చే జరిగింది, ఎందుకంటే క్యూటీ పొడవుగా ఉన్న పిల్లల్లో అత్యధికులు హాయిగా పెరిగారు. రిపోర్టులో ఆ అంకె చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు, చంటిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం అన్నిటికన్నా పెద్ద రక్షణ. కానీ కొన్ని మరణాల వెనుక చానల్ లోపాలున్నాయన్నది ఆ తర్వాత జన్యు పరీక్షల్లో రుజువైంది.

కేసీఎన్‌క్యూ1 గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను, ఎందుకంటే అది మన ఇళ్లకు సూటిగా తగిలేది. 1957లో నార్వే డాక్టర్లు జెర్వెల్, లాంగె-నీల్సన్ ఒక కుటుంబాన్ని వర్ణించారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టు చెవుడు, తరచూ స్పృహ తప్పడం, ఈసీజీలో పొడవాటి క్యూటీ. ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. చెవికీ గుండెకీ ఏం సంబంధం? లోపలి చెవిలో ధ్వనిని పట్టే కణాలు పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రవంలో మునిగి ఉండాలి. ఆ ద్రవంలోకి పొటాషియాన్ని వదిలేది కూడా కేసీఎన్‌క్యూ1 చానలే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఈ చానల్ జన్యువు చెడిన ప్రతే వస్తే చెవిలోనూ గుండెలోనూ చానల్ ఉండదు. మేనరికాల్లో ఒకే జన్యులోపం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం ఎక్కువ. మేనమామ సంబంధాలు, అత్త కొడుకుతో పెళ్లిళ్లు ఇంకా జరుగుతున్న మన తెలుగు నేల మీద, పుట్టు చెవుడున్న బిడ్డ పరుగెత్తినప్పుడో ఉలిక్కిపడినప్పుడో పడిపోతుంటే దాన్ని ఫిట్స్ అనో గాలి సోకిందనో వదిలేయకూడదు. ఒక్క ఈసీజీ తీయించాలి. ఏ పట్టణంలోనైనా అయిదు నిమిషాల పని. జబ్బు దొరికితే బీటా బ్లాకర్ మాత్రలు, అవసరమైతే ఛాతీలో అమర్చే పరికరం ఉన్నాయి. కడుపులో ఉండగానే కొన్నిసార్లు ఆచూకీ దొరుకుతుంది. క్యూటీ పొడవయ్యే లోపాలున్న కొందరు పిండాల్లో గుండె వేగం ఆ నెలలకు ఉండాల్సిన దాని కన్నా తక్కువగా ఉంటుంది. ఇంట్లో అలాంటి జబ్బుంటే స్కానింగ్ డాక్టరుకు ముందే చెప్పడం మేలు.

గుండె ఎదుగుదల ఒకవైపే సాగే ప్రయాణం కూడా కాదు. గుండె వైఫల్యం ముదిరినవాళ్ల కణాలను 1993లో జర్మనీలో పరీక్షించినప్పుడు, కిర్ రకం ప్రవాహమూ, వేగంగా తెరుచుకునే రకమూ రెండూ తగ్గిపోయి కనిపించాయి. అలసిన గుండె కష్టకాలంలో పిండ దశ జన్యువులు కొన్నిటిని మళ్లీ వెలికి తీస్తుంది. ఆయాసంతో వెళ్లినప్పుడు ఆసుపత్రిలో చేసే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ రక్తపరీక్ష కొలిచేది అలా మళ్లీ వెలికి వచ్చిన జన్యువు ఒకటి తయారుచేసిన పదార్థాన్నే. పొటాషియం చానళ్లు తగ్గితే స్పందన సాగుతుంది, విశ్రాంతి పలచబడుతుంది, పనిలో ఉండాల్సిన కణం సొంతంగా కబురు లేపే ప్రమాదం పెరుగుతుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో హఠాన్మరణాలకు ఇది ఒక ముఖ్య కారణం.

చెడిన కండరం స్థానంలో కొత్తది పెంచి అతుకు వేస్తే? యమనాక 2006లో చుంచెలుక, 2007లో మనిషి చర్మకణాలను మూలకణాలుగా మార్చి చూపాక ఈ ఆశకు రెక్కలొచ్చాయి. అలాంటి మూలకణాల నుంచి గుండె కణాలను పెంచడం ఇప్పుడు చాలా ల్యాబుల్లో రోజువారీ పని. మైక్రోస్కోపు కింద పెడితే ఆ గాజు పళ్లెంలో కణాలు తమంతట తాము కొట్టుకుంటూ ఉంటాయి. చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఇప్పటిదాకా చెప్పుకున్నది గుర్తుంటే, అలా కొట్టుకోవడం అవి ఇంకా పచ్చిగా ఉన్నాయనడానికి గుర్తని తెలుస్తుంది. వాటి విశ్రాంతి వోల్టేజి మైనస్ 50, మైనస్ 60 ప్రాంతంలోనే ఉంటుంది, కిర్ ప్రవాహం చాలా తక్కువ. 2014లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మానవ పిండ మూలకణాల నుంచి పెంచిన గుండె కణాలను కోతుల గుండెల్లో నాటారు. కణాలు అతుక్కున్నాయి, బతికాయి. వాటితో పాటే లయ తప్పడమూ వచ్చింది. నాటిన కణాలు సైనస్ నోడ్ మాట వినకుండా తమ పాట తాము పాడాయి. వారాలు గడిచి అవి ముదిరేకొద్దీ ఆ గొడవ తగ్గింది, కానీ మనిషికి ఆ కొన్ని వారాలు చాలు ప్రాణం మీదికి రావడానికి.

అదే విశ్వవిద్యాలయంలో చార్లెస్ మర్రీ బృందం ఏళ్ల తరబడి ఈ చిక్కు వెంటే పడింది. 2023లో వాళ్లు ప్రచురించిన పరిష్కారంలో నాలుగు జన్యు మార్పులున్నాయి. కణాన్ని దానంతట అది లేపే మూడు జన్యువులను తీసేశారు. నాలుగోదిగా కిర్ 2.1 జన్యువును అదనంగా చేర్చారు. గర్భంలో ప్రకృతి నింపాదిగా చేసే పనిని చేత్తో చేశారన్నమాట. ఈ కణాలు పళ్లెంలో ఊరికే ఉన్నాయి, బయటి నుంచి విద్యుత్ సంకేతం ఇస్తే ముడుచుకున్నాయి. పందుల గుండెల్లో నాటినప్పుడు ఆ పాత లయ తప్పడం రాలేదు.

ఈ పచ్చి కణాలతో ఇంకో ఉపయోగం ఉందని నాకనిపిస్తుంది. పెద్దల మందుల పరీక్షకు పచ్చిదనం లోపమే, అందుకే ల్యాబులు కిర్ ప్రవాహాన్ని కంప్యూటర్ సాయంతోనో జన్యువు చేర్చో నింపి, ఆ తర్వాతే మందు వేసి చూసే పద్ధతులు తయారుచేసుకుంటున్నాయి. గర్భిణికి ఇవ్వబోయే మందు కడుపులోని గుండెను ఏం చేస్తుందో తెలుసుకోవాలంటే మాత్రం మనకు కావాల్సింది ఎదిగిన కణం కాదు. పెద్ద ఎలుక గుండె ఆ సంగతి చెప్పలేదు, పెద్ద మనిషి గుండె కణం కూడా సరిగా చెప్పలేదు. హెర్గ్ ఉండి, కిర్ ఇంకా అందిరాని ఈ లేత మానవ కణం చెప్పగలదు. ఎదగనివ్వకుండా దాన్ని అలాగే ఉంచి, గర్భిణులకు రాసే మందులన్నిటినీ ఒక్కొక్కటిగా దాని ముందు పెట్టి చూడాల్సి ఉంది.